చక్రాల ఇల్లు, సీజన్ ఉద్యోగం: ఏడాదిలో ఏ గ్యాడ్జెట్ అన్నం పెట్టింది, ఏది దండగైంది?

పోయిన ఏడాది ఫిబ్రవరి. అరిజోనా ఎడారిలో క్వార్ట్‌జ్‌సైట్ అనే ఊరి బయట మా ట్రైలర్ ఆపుకుని ఉన్నాం. మూడు రోజులుగా మబ్బు. ట్రైలర్ పైనున్న 400 వాట్ల సోలార్ ప్యానెళ్లు పేరుకే ఉన్నాయి. నేను బ్యాటరీ యాప్ తెరిచి 46 శాతం, 41 శాతం, 37 శాతం అని చూస్తూ కూర్చున్నాను. కరెంటు మిగుల్చుకుందామని స్టార్‌లింక్ డిష్ ఆపేశాను. నాలుగో రోజు ఎండ వచ్చింది, డిష్ ఆన్ చేశాను, ఎందుకో వాయిస్‌మెయిల్ తెరిచాను. వయోమింగ్‌లో ఒక లాడ్జ్ నుంచి కాల్. ఇద్దరికీ ఉద్యోగం, మే నుంచి సెప్టెంబర్ దాకా, ట్రైలర్ పెట్టుకోవడానికి కరెంటు, నీళ్లు ఉన్న సైట్. 48 గంటల్లో చెప్పమన్నారు. కాల్ వచ్చి అప్పటికి నాలుగు రోజులు. ఫోన్ చేస్తే ఆ పోస్టులు నిండిపోయాయని మర్యాదగానే చెప్పారు.

మా ఆవిడ ఒకే మాట అంది. "ఏవండీ, మూడు రోజుల నుంచి ఆ బ్యాటరీ యాప్ చూస్తున్నారు కదా. ఒక్కసారి ఫోన్ చూడాల్సింది."

అప్పటికి మా బ్యాంకులో మిగిలింది 1,900 డాలర్లు. ట్రైలర్‌కి బిగించిన ఎలక్ట్రానిక్స్ ఖర్చు 2,900. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ ఆర్టికల్ ఎందుకు రాస్తున్నానో మీకు అర్థమవుతుంది. యూట్యూబ్‌లో ఆర్‌వీ వీడియోలు చూసి "సోలార్ పెట్టుకుంటే చాలు బ్రో, లైఫ్ సెట్" అనుకునే ఫ్రెండ్స్ చాలామంది నాకు మెసేజ్ చేస్తుంటారు. సోలార్ బల్బు వెలిగిస్తుంది. ఉద్యోగం తీసుకురాదు. ఉద్యోగం తెచ్చేవి ఏవో, తెస్తాయనుకుని నేను కొన్నవి ఏవో, ఏడాది తర్వాత నా లెక్క ఇదీ.

ముందు మా సంగతి. నాది పల్నాడు జిల్లాలో సత్తెనపల్లి దగ్గర పల్లె. డాలస్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పద్నాలుగేళ్లు చేశాను. 2024 మొదట్లో ఉద్యోగం పోయింది. ఆరు నెలలు ఇంటర్వ్యూలు ఇచ్చి, అద్దె కట్టలేక, ఆ శరదృతువులో 24 అడుగుల పాత ట్రావెల్ ట్రైలర్, దాన్ని లాగే పికప్ ట్రక్ కొని అపార్ట్‌మెంట్ ఖాళీ చేశాం. పిల్లలు లేరు కాబట్టి నిర్ణయం తేలికైంది. అమ్మకి చెప్పడం మాత్రం తేలిక కాలేదు.

"ఏరా, అమెరికా పోయి కూలికి బయల్దేరావా?" అంది.

"కూలి కాదమ్మా, సీజన్ ఉద్యోగం."

"మన మిరపకోతలకి ఆదోని, కోసిగి నుంచి వస్తారు చూడు, సామానంతా మూట గట్టుకుని. అదేగా?"

అదే. అమ్మ అన్నప్పుడు కోపం వచ్చింది గానీ, తర్వాత ఆలోచిస్తే అంతకంటే సరైన పోలిక లేదు. ప్రతి ఏడాదీ కర్నూలు వైపు నుంచి కుటుంబాలు కుటుంబాలుగా మా ఊరి వైపు వచ్చి, చేల గట్ల మీద పట్టాలు కట్టుకుని, కోత అయ్యాక వెళ్లిపోయేవారు. వాళ్లకి ఎవరి చేలో ఎప్పుడు కోత ఉందో మేస్త్రీకి తెలుసు. ఇక్కడ మేస్త్రీ లేడు. మన ఫోనే మేస్త్రీ. అందుకే దానికి సిగ్నల్ లేకపోతే ఏమవుతుందో పైన చెప్పాను.

వీసా వాళ్లు ఇక్కడ ఆగి చదవండి

గ్యాడ్జెట్లలోకి వెళ్లే ముందు ఒక్క విషయం. నాకు 2022లో గ్రీన్ కార్డ్ వచ్చింది కాబట్టే ఈ పనులు చేయగలిగాను. హెచ్-1బీలో ఉంటే మీ ఉద్యోగం స్పాన్సర్ చేసిన కంపెనీతోనే ముడిపడి ఉంటుంది. లేఆఫ్ అయితే ఎక్కువలో ఎక్కువ 60 రోజుల గడువు. ఆ గడువులో క్యాంప్‌గ్రౌండ్‌లో పనికి కుదరడం కుదరదు. ఎఫ్-1 స్టూడెంట్లకి కూడా అనుమతి ఉన్న పని తప్ప వేరేది చేయకూడదు. "జీతం తీసుకోవట్లేదు కదా, ట్రైలర్ పెట్టుకోవడానికి చోటు మాత్రమే ఇస్తారు కదా" అనుకుంటారేమో, చోటు ఇచ్చి పని చేయించుకున్నా అది ఉద్యోగమే. సరదాకి చేసి స్టేటస్ పోగొట్టుకోవద్దు. ఇంకొకటి: నేషనల్ పార్కుల్లో ప్రభుత్వం నేరుగా ఇచ్చే ఉద్యోగాలకి మామూలుగా సిటిజన్‌షిప్ కావాలి, గ్రీన్ కార్డ్ చాలదు. పార్కు లోపల లాడ్జ్‌లు, షాపులు నడిపే ప్రైవేటు కంపెనీలు మాత్రం మమ్మల్ని తీసుకుంటాయి. యెల్లోస్టోన్‌లో లాడ్జ్‌లు నడిపే జాంటెరా లాంటివి అన్నమాట.

ఏడాది చక్రం ఎలా తిరుగుతుంది

ఈ పనులకి ఒక క్యాలెండర్ ఉంది. అది అర్థం కాకపోతే ఎన్ని యాప్‌లు వేసుకున్నా లాభం లేదు. చలికాలంలో అందరూ అరిజోనా, దక్షిణ టెక్సస్, ఫ్లోరిడా వైపు దిగుతారు. ఎండాకాలం ఉద్యోగాలు, అంటే పార్కులు, లాడ్జ్‌లు, క్యాంప్‌గ్రౌండ్లలో పోస్టులు, చాలావరకు జనవరి, ఫిబ్రవరిలోనే నిండుతాయి. సెప్టెంబర్ చివర్లో, అక్టోబర్‌లో షుగర్ బీట్ పంట. నవంబర్, డిసెంబర్‌లో క్రిస్మస్ చెట్ల అమ్మకాలు, వేర్‌హౌస్‌లు. అమెజాన్ 2008లో కాన్సాస్‌లోని కాఫీవిల్‌లో మొదలుపెట్టిన క్యాంపర్‌ఫోర్స్ అనే ప్రోగ్రామ్ చాలాకాలం ఈ జనానికి పెద్ద ఆధారం. జెసికా బ్రూడర్ 2017లో రాసిన 'నోమాడ్‌లాండ్' పుస్తకంలో, దాని మీద క్లోయీ జావో తీసిన సినిమాలో కనిపించేది అదే. ఇప్పుడది లేదు. పాత వీడియో చూసి దానికోసం వెతికేవాళ్లు ఇంకా ఉన్నారు, అందుకే చెప్తున్నా.

వెతకడానికి నేను వాడేవి ముఖ్యంగా రెండు. 1995 నుంచి ఉన్న కూల్‌వర్క్స్ అనే సైట్, 1987లో మొదలైన వర్క్‌క్యాంపర్ న్యూస్. రెండిటి వెబ్‌సైట్లూ మన దగ్గర కొత్త ఫోన్ రివ్యూ చదివే కళ్లకి పాతగా కనిపిస్తాయి. కంగారు పడకండి, పని అక్కడే ఉంది. ఫేస్‌బుక్ గ్రూపుల్లోనూ దొరుకుతుంది గానీ మోసాలూ అక్కడే ఎక్కువ. జీతం అడ్వాన్స్‌గా చెక్కు పంపిస్తాం, అందులో కొంత యూనిఫామ్ వాడికి తిరిగి పంపండి అన్నారంటే అది నకిలీ చెక్కు. మీరు పంపిన డబ్బు మాత్రం అసలుది.

నెట్: స్టార్‌లింక్ మినీ, రెండు సిమ్‌లు, ఒక మర్చిపోయిన సెట్టింగ్

స్టార్‌లింక్ మినీ మంచి వస్తువే. ల్యాప్‌టాప్ సైజులో ఉంటుంది, వైఫై రూటర్ అందులోనే, 12 వోల్టుల డీసీ మీద నడుస్తుంది కాబట్టి ఇన్వర్టర్ అక్కర్లేదు. నేను తీసుకున్నప్పుడు రోమ్ ప్లాన్ 50 జీబీకి నెలకు 50 డాలర్లు. ఇంటర్వ్యూ వీడియో కాల్స్‌కి, ఫారాలు నింపడానికి అది చాలు. సినిమాలు చూడకండి, అంతే.

నా దగ్గర అది సగటున 30 వాట్లు లాగింది. 24 గంటలూ ఉంచితే రోజుకి 720 వాట్-అవర్లు. నా దగ్గర ఉన్నవి రెండు 100 ఆంపియర్-అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు, కలిపి 2,560 వాట్-అవర్లు. ఎండ బాగుంటే దిగులే లేదు. మబ్బు పడితే ఒక్క డిష్షే మూడున్నర రోజుల్లో మొత్తం తాగేస్తుంది. ఇక మన రైస్ కుక్కర్ ఉంది చూశారూ, అరగంటకి నాకు 300 వాట్-అవర్లు తీసుకుంది. అంటే ఒక పూట అన్నం ఖర్చు పది గంటల ఇంటర్నెట్. మా ఆవిడ మొదటి వారంలోనే కుక్కర్ అటక మీద పడేసి గ్యాస్ మీద గంజి వార్చడం మొదలుపెట్టింది. ఇండియా నుంచి తెచ్చుకున్న మిక్సీ ఇక్కడి 120 వోల్టులకి పనికిరాదు, అది వేరే బాధ. రోలు కొంటే బరువు!

ఇప్పుడు ఆ పోయిన ఉద్యోగం సంగతి. తప్పు సిగ్నల్‌ది మాత్రమే కాదు. క్వార్ట్‌జ్‌సైట్‌లో మామూలుగా రెండున్నర వేల లోపు జనం. చలికాలం వచ్చేసరికి చుట్టూ ఎడారంతా ఆర్‌వీలే. టవర్ మీద అంత భారం పడితే ఫోన్‌లో రెండు గీతలు కనిపిస్తున్నా కాల్ మోగదు. దీనికి విరుగుడు నా ఫోన్‌లోనే ఉంది, వైఫై కాలింగ్. స్టార్‌లింక్ మీదుగా మామూలు నంబర్‌కే కాల్ వచ్చేస్తుంది. కొత్త ఫోన్‌కి మారినప్పుడు ఆ సెట్టింగ్ ఆఫ్‌లో ఉండిపోయింది. పద్నాలుగేళ్లు టెస్టింగ్ చేసినవాణ్ణి, నా ఫోన్ నేను టెస్ట్ చేసుకోలేదు. ఇప్పుడు ప్రతి కొత్త చోటుకి వెళ్లగానే మొదటి పని, మా ఆవిడ ఫోన్ నుంచి నా ఫోన్‌కి కాల్ చేసి చూడటం. బండికి చక్రాల అడ్డు పెట్టడం కూడా దాని తర్వాతే.

రెండో మార్పు, వేరే నెట్‌వర్క్‌ది ఒక చవక ప్రీపెయిడ్ ఈ-సిమ్. అప్లికేషన్లలో రెండు నంబర్లూ, ఈమెయిలూ ఇస్తాను. ఎక్కడ ఏ నెట్‌వర్క్ ఉందో ఎఫ్‌సీసీ మ్యాప్‌లో ముందే చూసుకుంటాను, అయితే మ్యాప్‌లో రంగు ఉన్నంత మాత్రాన లోయలో సిగ్నల్ ఉంటుందని నమ్మను. ఓటీపీల విషయంలో జాగ్రత్త: బ్యాంకుల నుంచి వచ్చే కొన్ని మెసేజ్‌లు వైఫై కాలింగ్ మీద నాకు రాలేదు. జీతం పడే ఖాతాలోకి వెళ్లలేక పెట్రోల్ బంకు ముందు నిలబడిన అనుభవం ఒకసారి చాలు. కుదిరిన ప్రతి చోటా అథెంటికేటర్ యాప్‌కి మారిపోయాను.

సిగ్నల్ బూస్టర్ కూడా కొన్నాను. దండగ. బయట కొంచెం సిగ్నల్ ఉంటే దాన్ని పెంచుతుంది, అసలే లేనిచోట ఏం పెంచుతుంది? భారం పడిన టవర్‌ని అది ఖాళీ చేయలేదు కూడా. మార్చిలో అమ్మేశాను. ఆ డబ్బుతో పికప్‌కి రెండు పాత టైర్లు మార్పించాను.

ఎండాకాలం: గంటకి మూడున్నర డాలర్లు

లాడ్జ్ ఉద్యోగం పోయాక కంగారులో మొదట దొరికినదాన్ని పట్టుకున్నాం. కొండ ప్రాంతంలో ఒక ప్రైవేటు క్యాంప్‌గ్రౌండ్. పేరు వద్దు. ఒప్పందం ఏమిటంటే ఇద్దరం చెరో 20 గంటలు వారానికి పని చేయాలి, బదులుగా సైట్, కరెంటు, నీళ్లు ఉచితం. జీతం లేదు. ఫోన్‌లో విన్నప్పుడు "ఉచితం" అనే మాట ఒక్కటే వినిపించింది.

పని కష్టమేమీ కాదు. ఆవిడ ఆఫీసులో రిజర్వేషన్లు చూసేది, నేను బాత్రూములు కడగడం, నిప్పుల గుంటల్లో బూడిద ఎత్తడం, గడ్డి కోయడం. మూడు వారాల తర్వాత ఒక రాత్రి నోట్స్ యాప్‌లో లెక్క వేశాను. ఇద్దరివీ కలిపి నెలకి దాదాపు 172 గంటలు. అదే సైట్ బయటివాళ్లకి నెల అద్దె 600 డాలర్లు. భాగిస్తే గంటకి మూడున్నర. దేశవ్యాప్త కనీస వేతనం 2009 నుంచి 7.25 దగ్గరే ఆగి ఉంది, మేం అందులో సగం దగ్గర ఉన్నాం. ఓనర్‌ని అడిగితే, "ఇక్కడికి అందరూ ఇలాగే వస్తారు" అన్నాడు. సీజన్ మధ్యలో వదిలేస్తే వెళ్లడానికి చోటు లేదు, చేతిలో డబ్బు లేదు. ఆగస్టు చివరిదాకా ఉన్నాం. పచారీ సరుకులు క్రెడిట్ కార్డు మీద.

కాబట్టి ఆఫర్ రాగానే ఈ లెక్క వేయండి, ఏ యాప్ అక్కర్లేదు, కాలిక్యులేటర్ చాలు. పని చేసిన ప్రతి గంటకీ జీతం ఇచ్చి సైట్‌కి కొంత పట్టుకునే చోట్లు ఉన్నాయి, సైట్ ఉచితంగా ఇచ్చి జీతమూ ఇచ్చే చోట్లు ఉన్నాయి. మొదటి కొన్ని గంటలు సైట్ కింద జమ చేసుకుని, పైగంటలకి మాత్రమే డబ్బిచ్చే చోట్లూ ఉన్నాయి. ఏది ఏదో రాతపూర్వకంగా తీసుకోండి. ఈమెయిల్ చాలు. నేను ఇప్పుడు ఆ ఈమెయిల్‌ని పీడీఎఫ్ చేసి ఫోన్‌లో ఆఫ్‌లైన్‌లో ఉంచుకుంటున్నాను, రెజ్యూమె, గ్రీన్ కార్డ్ కాపీతో పాటు. ఐ-9 ఫారం కోసం అసలు కాగితాలు మాత్రం చేతిలోనే ఉండాలి, ఫోన్‌లో ఫొటో చూపిస్తే ఒప్పుకోరు.

అక్కడ స్టార్‌లింక్ కూడా సతాయించింది. సైట్ నిండా పైన్ చెట్లు. ఆ డిష్‌కి ఆకాశం బాగా తెరిచి కనిపించాలి. యాప్‌లో కెమెరాతో పైకి తిప్పి చూస్తే అడ్డంకులు ఎర్రగా చూపిస్తుంది. మాకు మొత్తం ఎరుపే. చివరికి 15 మీటర్ల కేబుల్ వేసి, చెట్ల మధ్య ఖాళీలో ఒక కర్ర పాతి దాని మీద పెట్టాను. పిల్లలు బంతితో కొట్టారు రెండుసార్లు. బతికింది.

నల్లమట్టి, బీట్ దుంపలు, మైనస్ మూడు

సెప్టెంబర్ చివర్లో ఉత్తరానికి వెళ్లాం. నార్త్ డకోటా, మిన్నెసోటా సరిహద్దులో రెడ్ రివర్ లోయ. లోయ అంటారు గానీ కంటికి కనిపించినంత దూరం అరచేయి లాంటి నేల. ఒకప్పుడు అగాసీ అనే పెద్ద హిమనదీయ సరస్సు అడుగు అది. మట్టి నల్లగా, తడిస్తే బూటుకి అంటుకుని వదలదు. మొదటిరోజు దిగి ఆ మట్టి వేళ్లతో నలిపి చూశాను. మా ఊరి నల్లరేగడే! అమ్మకి వీడియో కాల్‌లో చూపిస్తే, "దానికోసమా అంత దూరం పోయింది" అని నవ్వింది.

అక్కడ పండేది షుగర్ బీట్. తెల్లటి దుంప, ముల్లంగికి పెద్దన్నలా ఉంటుంది, చక్కెర తీస్తారు. ఈ లోయలో రైతులే ఓనర్లుగా ఉన్న సహకార సంస్థలు ఫ్యాక్టరీలు నడుపుతాయి. అమెరికన్ క్రిస్టల్ షుగర్‌ని 1973లో రైతులు కలిసి కొనుక్కున్నారు. ప్రధానమైన కోత అక్టోబర్ మొదట్లో మొదలై రాత్రింబవళ్లు నడుస్తుంది, షిఫ్టు 12 గంటలు. లారీలు దుంపలు తెచ్చి పైలర్ అనే పెద్ద యంత్రంలో పోస్తే, అది మట్టి దులిపి కొండలా కుప్ప పోస్తుంది. ఆ కుప్పలు చలికాలమంతా బయటే ఉంటాయి, చలే వాటికి కోల్డ్ స్టోరేజ్. మా పని లారీలకి చేయి ఊపి దారి చూపడం, చక్కెర శాతం పరీక్షకి సంచిలో శాంపిల్ పట్టడం, యంత్రం చుట్టూ రాలిన మట్టి, దుంపలు పారతో ఎత్తడం. మట్టి ఎత్తేటప్పుడు ఆదోని నుంచి వచ్చేవాళ్లు చాలాసార్లు గుర్తొచ్చారు. నేను గట్టు మీద కూర్చుని వాళ్లని చూసినవాణ్ణి.

ఎండ ఎక్కువైతే కోత ఆపేస్తారు, ఎందుకంటే వేడి దుంప కుప్పలో కుళ్లిపోతుంది. మరీ గడ్డకట్టినా, వాన పడి చేను బురదైనా ఆపేస్తారు. మా ఒప్పందంలో పని జరగని షిఫ్టుకి డబ్బు లేదు. ఆపుతున్నారో లేదో ఫోన్ మెసేజ్ చెప్తుంది. అంటే ఫోన్ ఆగితే పొద్దున్నే చలిలో వెళ్లి గేటు ముందు నిలబడి తిరిగి రావాలి, లేదా పని ఉన్నరోజు పడుకుండిపోవాలి.

ఇక్కడే నా లిథియం బ్యాటరీలు నన్ను ఆడుకున్నాయి. మాకు సైట్ కేటాయించడానికి ముందు మూడు రాత్రులు కరెంటు లేని ఖాళీ స్థలంలో ఉండాల్సి వచ్చింది. రెండో రాత్రి మైనస్ 3 డిగ్రీలు. పొద్దున్నే మంచి ఎండ, ప్యానెళ్లు మెరుస్తున్నాయి, యాప్‌లో చార్జింగ్ మాత్రం సున్నా. కంట్రోలర్ పాడైందనుకుని గంటసేపు వైర్లు పీకి పెట్టాను. అసలు విషయం, ఈ రకం బ్యాటరీని సెల్ ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల కింద ఉన్నప్పుడు చార్జ్ చేస్తే పాడవుతుంది కాబట్టి లోపలున్న బీఎంఎస్ చార్జింగ్‌ని కట్ చేస్తుంది. కరెంటు ఇస్తుంది, తీసుకోదు. నా బ్యాటరీలు ట్రైలర్ ముందు బయటి పెట్టెలో ఉన్నాయి. 11 గంటలకి పెట్టె వేడెక్కాక గానీ చార్జింగ్ మొదలు కాలేదు. కొనేటప్పుడు 80 డాలర్లు ఎక్కువని సెల్ఫ్-హీటింగ్ మోడల్ వదిలేశాను. చలి ప్రాంతానికి వెళ్లే ఉద్దేశం ఉంటే మీరు వదలకండి, లేదా బ్యాటరీలు ట్రైలర్ లోపల పెట్టుకోండి. మేం ఆ రెండు రాత్రులూ ఫర్నేస్ ఫ్యాన్‌కి కరెంటు దాచుకోవడానికి దీపాలు ఆపేసి, కంబళ్లు కప్పుకుని కూర్చున్నాం.

ఫోన్ల సంగతి. జేబులో బయటివైపు పెట్టుకున్న నా ఫోన్ 40 శాతం బ్యాటరీ ఉండగానే చలికి టక్కున ఆగిపోయింది. లోపలి చొక్కా జేబులోకి మార్చాక ఆ బాధ లేదు. మూడో రోజుకి యూఎస్‌బీ-సీ పోర్టులో నల్లమట్టి దిగి చార్జర్ పట్టలేదు. పుల్లతో గీకితే పిన్నులు పోతాయని వదిలేసి, ట్రైలర్‌లో ఏ మూలో పడున్న 15 డాలర్ల వైర్‌లెస్ చార్జింగ్ ప్యాడ్ తీశాను. ఈ ఏడాది నేను కొన్నవాటిలో డాలర్‌కి తగ్గ పని చేసింది అదే. టచ్ గ్లోవ్స్ అని అమ్మేవి తడిస్తే పనిచేయవు. మెసేజ్ చదవడానికి ముక్కుతో స్క్రీన్ జరిపేవాణ్ణి, నవ్వకండి.

పది షిఫ్టులు దొరికాయి. ఓవర్‌టైమ్‌తో కలిపి, టాక్సులు పోను, ఇద్దరికీ 5,400 డాలర్లు చేతికొచ్చాయి. ఎండాకాలం మూడు నెలల్లో రాని డబ్బు రెండు వారాల్లో వచ్చింది. నడుము నొప్పి నవంబర్ దాకా ఉంది. టాక్స్ గురించి ఒక మాట: మా శాశ్వత చిరునామా సౌత్ డకోటా, అక్కడ రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. అయినా పని చేసిన రాష్ట్రం తన పన్ను తను అడుగుతుంది. ఏ రాష్ట్రంలో ఎన్ని రోజులు పని చేశారో ఫోన్ క్యాలెండర్‌లో రాసి ఉంచుకోండి.

పగిలిన ఫోన్, నూలు దారం కట్టిన డైరీ

బీట్ సైట్‌లో మా పక్కన ఒక పాత వ్యాన్. అందులో ఒంటరిగా ఉండేది ఒక పెద్దావిడ, డెబ్భైకి దగ్గర ఉంటుంది. సోలార్ ప్యానెల్ ఒక్కటే, స్టార్‌లింక్ లేదు. ఫోన్ స్క్రీన్ అడ్డంగా పగిలి ఉంది. పని అయ్యాక మా ట్రైలర్‌లోకి వచ్చి ఉప్మా తిని, "ఇది దేంతో చేశారు?" అని అడిగేది. నేను నా సెటప్ అంతా చూపించాను. యాప్‌లు, గ్రాఫులు, రిమోట్‌గా కంట్రోలర్. ఓపిగ్గా చూసింది. చూసి, "మీకు క్రిస్మస్‌కి పని దొరికిందా?" అంది. లేదన్నాను.

ఆవిడ తన డైరీ తెచ్చింది. నూలు దారంతో కట్టిన లావుపాటి పుస్తకం. ప్రతి చోటా తను ఎవరి కింద పనిచేసిందో, వాళ్ల సొంత నంబర్, ఏ నెలలో మనుషుల్ని వెతకడం మొదలుపెడతారో, జీతం ఎంత, సైట్‌లో నీళ్లు గడ్డకడతాయా లేదా, మళ్లీ వెళ్లాలా వద్దా. కొన్ని పేజీల మీద పెద్ద అక్షరాలతో "వద్దు" అని రాసి ఉంది. నేను వేసవిలో పనిచేసిన క్యాంప్‌గ్రౌండ్ పేరు అడిగి, పేజీలు తిప్పి, నాకు చూపించింది. అక్కడా అదే మాట.

మా చిన్నప్పుడు మేస్త్రీ చంకలో ఉండే పుస్తకం గుర్తొచ్చింది. ఎవరి చేను, ఎన్ని ఎకరాలు, కిలోకి ఎంత, అన్నం ఎవరు పెడతారు. అచ్చం అదే.

ఆవిడ అక్కడికక్కడే ఒకరికి ఫోన్ చేసింది. ఆవిడ పగిలిన ఫోన్‌లో సిగ్నల్ లేక నా వైఫై వాడుకుంది, అది నాకు కొంచెం తృప్తినిచ్చిందని దాచుకోను. నవంబర్ మూడో వారం నుంచి క్రిస్మస్ దాకా టెక్సస్‌లో చెట్ల అమ్మకం, ఇద్దరికీ. అప్లికేషన్ లేదు, ఇంటర్వ్యూ లేదు. "ఈవిడ చెప్పింది కదా, రండి" అన్నారు అంతే. చెట్ల జిగురు ఫోన్ కవర్‌కి ఇంకా అంటుకునే ఉంది.

ఇప్పుడు మళ్లీ అదే ఎడారి

జనవరి 2026. క్వార్ట్‌జ్‌సైట్‌లోనే ఉన్నాం, ఈసారి లా పోసా దగ్గర. ప్రభుత్వ స్థలంలో సీజన్ మొత్తం, అంటే సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఉండటానికి పర్మిట్ 180 డాలర్లు. కరెంటు, నీళ్ల కనెక్షన్లు ఉండవు, సోలార్ ఉన్నవాళ్లకి ఇంతకంటే చవక లేదు. బ్యాంకులో నాలుగు వేల పైన ఉంది, క్రెడిట్ కార్డు అప్పు తీరింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకి అప్లై చేయడం ఆపలేదు, వస్తే వెళ్లిపోతామా అని మా ఆవిడ అడిగితే నేను ఇంకా సరిగ్గా జవాబు చెప్పలేదు.

మళ్లీ మొదలుపెడితే ఏం కొంటానని చాలామంది అడిగారు కాబట్టి: స్టార్‌లింక్ మినీ కొంటాను. బ్యాటరీలు కొంటాను, వేడెక్కే రకం. సోలార్ 400 వాట్లు చాలు. ఈ-సిమ్, వైర్‌లెస్ ప్యాడ్ తప్పకుండా. బూస్టర్, బ్లూటూత్‌తో ట్రైలర్ లెవెల్ చూపించే సెన్సర్, గాలి వేగం చెప్పే మీటర్ కొనను. లెవెల్‌కి గిన్నెలో నీళ్లు చాలు, గాలి ఎంతుందో ట్రైలర్ ఊగుతుంటే తెలుస్తుంది. ట్రైలర్ ఎత్తు ఫీడ్ చేసుకునే జీపీఎస్ మాత్రం ఖరీదైనా ఉంచుకుంటాను, గూగుల్ మ్యాప్స్‌కి మన బండి 11 అడుగులని తెలియదు, వంతెనకి తెలుసు.

వయోమింగ్ లాడ్జ్‌కి మళ్లీ అప్లై చేశాం. రేపు ఉదయం పదింటికి ఫోన్ చేస్తామని ఈమెయిల్ వచ్చింది. రెండు సిమ్‌లూ ఆన్‌లో ఉన్నాయి, వైఫై కాలింగ్ ఆన్‌లో ఉంది, ఇందాకే టెస్ట్ చేశాను. ఆకాశంలో పడమటివైపు కాస్త మబ్బుగా ఉంది. బ్యాటరీ 81 శాతం. మా ఆవిడ డాలర్ షాపులో కొన్న లావుపాటి నోట్‌బుక్‌లో రేపటి తేదీ వేసి, కింద రిక్రూటర్ పేరు, నంబర్ రాసి, జీతం అని ఒక గీత గీసి ఖాళీ వదిలింది.